గాలికెగరని పాట

బాండువాళ్ల కోట్లకు ఊడిపోయిన ఇత్తడి బొత్తాలు కుట్టడంతో మొదలైంది ఆవిడ దర్జీ పని. దాంతో కన్నవాళ్లు పెట్టిన పేరు ఎక్కడో అడుగున పడిపోయి, అందరికీ బొత్తాలక్క అయిపోయింది. తర్వాత కోట్లు కత్తిరించింది, పంట్లాలు కుట్టింది, పెద్ద పెద్ద తెరలు కుట్టింది. ఏం లాభం? ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి "దర్జీ ఆవిడ ఉందా?" అంటే, పక్కనున్న సైకిల్ షాపువాడు "ఎవరు, బొత్తాలక్కేనా?" అని ఇప్పటికీ దిద్దుతాడు.

ఆవిడ కొట్టు మూడంతస్తుల భవనంలో మెట్ల కింద ఉంటుంది, కాపురం అదే భవనం వెనక వాటాలో. కొట్టు అనడం మర్యాద కోసం. అందులో ఒక కాలి మిషను, ఒక కత్తిరింపు బల్ల, ఒక ఇస్త్రీ పెట్టె పట్టాక మిగిలిన చోటులో బొత్తాలక్క పడుతుంది. కొలతలిచ్చే మనిషి గుమ్మంలోనే నిలబడాలి. కిటికీ గూట్లో ఓ బిస్కెట్ల డబ్బా, డబ్బా నిండా జత తప్పిన ఇత్తడి బొత్తాలు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక్కటి పారేయలేదు. ఎందుకంటే "ఎప్పుడో పనికొస్తాయి" అంటుంది. ఆ ఎప్పుడో అనేది వస్తుందని ఆవిడ తప్ప ఎవరూ నమ్మలేదు.

కోటు చూసి అది వేసుకునేవాడు ఏం వాయిస్తాడో చెప్పేస్తుంది ఆవిడ. ఎడమ భుజం అరిగితే పెద్ద బాకా. కుడి మోచేయి నిగనిగలాడితే చిన్న బాకా. పంట్లాం మీద తొడ దగ్గర గుడ్డ పలచబడితే డోలు. ఇన్ని తెలిసిన మనిషికి వాళ్ల జేబుల్లో దొరికే కాయితాల మీద ఏముందో మాత్రం తెలియదు. ఐదు గీతలు, వాటి మీద చీమల బారు. మడిచి మళ్లీ జేబులోనే పెట్టేసేది.

ఆవిడ మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. నోట్లో నాలుక లేని మనిషి. డిపోలో అందరూ ఆయన్ని సైలెన్సర్ అని పిలుస్తారు, దానికి కూడా ఆయన ఏమీ అనడు. ఇంట్లో "ఊ" అంటే అవును, "ఊఁహూ" అంటే కాదు, ఏమీ అనకపోతే ఇంకోసారి అడగాలి. పాతికేళ్ల కాపురంలో మాటలన్నీ బొత్తాలక్కే మోసింది. విసుగు రాలేదా అంటే వచ్చింది. వచ్చి, పోయింది.

రెండేళ్ల కిందట బాండు మాస్టారు డిపో వెనక షెడ్డులో కొత్తవాళ్లకు క్లాసు పెట్టాడు. సాయంత్రం ఆరింటికి. పని దిగి వచ్చిన కండక్టరు, ఆసుపత్రి నర్సు, రొట్టెల బట్టీ ఆయన, రిటైరైన పోస్టుమాను, ఇలాంటివాళ్లే విద్యార్థులు. షెడ్డులో ఫ్యాను తిరగడం లేదని సైలెన్సర్‌ని పిలిచారు. ఫ్యాను బాగుచేయడానికి వెళ్లినవాడు మాస్టారు అరువిచ్చిన పెద్ద బాకా భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు!

ఆ రోజు భోజనం దగ్గర, ఎవరూ అడగకుండా, ఆయనంతట ఆయన నోరు విప్పాడు.

"ఇవాళ ఒక స్వరం ఊదాను."

బొత్తాలక్క చేతిలో గరిట చేతిలోనే ఆగిపోయింది. "ఇంకా?" అంది, ఈ అదృష్టం ఎక్కడ జారిపోతుందో అని మెల్లగా.

"రేపు ఇంకోటి ఊదుతా."

అలా రోజుకొకటి చొప్పున స్వరాలూ పెరిగాయి, మాటలూ పెరిగాయి. ఆర్నెల్లు తిరిగేసరికి ఆయన భోజనం చల్లారేదాకా మాట్లాడేవాడు. బొత్తాలక్క సంతోషం అంతా ఇంతా కాదు. బాకా మోత భరించలేకపోతున్నామని మేడ మీద వాళ్లు గొడవకొస్తే, కిటికీలకు మందపాటి తెరలు తనే కుట్టి ఇచ్చింది.

అంతా బాగుందనుకునేసరికి కిందటేడు ఆ సంగతి జరిగింది. మైదానంలో కొత్తవాళ్ల మొదటి కచేరీ. నిమిషం కూడా పట్టని పాట. దానికి ఏడాది సాధన. మాస్టారు చెయ్యి ఎత్తాడో లేదో, గాలి లేచింది. స్టాండ్ల మీది కాయితాలన్నీ లేచిపోయాయి. క్లిప్పులు పెట్టినవాళ్లకి స్టాండే పడిపోయింది. సైలెన్సర్ మెడలో బాకాతో సహా వేదిక దూకి తన కాయితం వెంట పడ్డాడు. కుర్చీల మధ్య నుంచి పరిగెత్తాడు, బాకా మూతి తగిలి రెండు వరసల కుర్చీలు కూలాయి, కాయితం చివరికి నీళ్ల పీపాలో పడింది. జనం కడుపుబ్బ నవ్వారు. డిపోవాళ్లయితే ఏడాది పొడుగునా నవ్వారు. "ఏం సైలెన్సరూ, పిట్ట దొరికిందా?" ఇదే పలకరింపు.

ఆయన మళ్లీ "ఊ"లోకి వెళ్లిపోయాడు. ఎన్నో రోజుల తర్వాత ఒకటే మాట అన్నాడు. "వచ్చే ఏడు కూడా అభాసుపాలైతే బాకా తిరిగి ఇచ్చేస్తా."

తక్కువ మాట్లాడే మనిషి మాట వృథా చేయడు. అన్నాడంటే ఇచ్చేస్తాడు. బాకా పోతే ఏమిటి, ఇత్తడి ముక్క. దాంతోపాటు భోజనం దగ్గరి మాటలు కూడా పోతాయి. బొత్తాలక్క భయం అది.

ఈ ఏడు కచేరీ ఇంకో పది రోజులుందనగా మాస్టారు ఓ గుడ్డల మూటతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మనిషి సన్నం, హుషారు లావు. ఒక్కచోట నిలబడి మాట్లాడటం ఎరగడు.

"అక్కా, ఈసారి కాయితాల్లేవు! స్టాండ్లూ లేవు! పాట మొత్తం ఒకే పెద్ద గుడ్డ మీద కుట్టేద్దాం. జనం వెనక, మైదానం ఆ చివర కట్టేద్దాం. మావాళ్లు వేదిక మీంచి తలెత్తి చూసి ఊదుతారు. అందరిదీ ఒకే పాట కదా! గాలి ఏం పీకుతుందో చూద్దాం!"

బొత్తాలక్కకి ఆలోచన తెగ నచ్చింది. గుడ్డ మాత్రం నచ్చలేదు. ముప్ఫై అడుగుల తెల్లగుడ్డ, చెయ్యి పెడితే వేళ్లు కనిపిస్తున్నాయి.

"ఇదేం గుడ్డండీ మాస్టారూ! ఇది తెరకా, వడపోతకా? కొనేముందు నన్నొక మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

"తెల్లగా ఉంది కదా అక్కా" అన్నాడాయన, గుడ్డ గురించి తెలిసిందంతా అదేనన్నట్టు. ఐదు గీతలకు నల్ల రిబ్బను, స్వరాలకు నల్లగుడ్డ ముక్కలు, పాట రాసిన కాయితం బల్ల మీద పెట్టాడు. "దీన్ని ఉన్నది ఉన్నట్టు దించు. మొదట్లో వచ్చే దెబ్బల లెక్క అంకెలు మాత్రం వదిలెయ్. అట్టతో చేసి నేనే పిన్ను పెడతా." అనేసి వెళ్లిపోయాడు.

ఆ అంకెలు కూడా ఆవిడే కుట్టి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది.

ఆ సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే కాయితం ఆయన ముందు పరిచింది. "ఏమండీ, కొలత తెలియకుండా నేను కత్తెర పట్టను. ఏది ఏమిటో చెప్పండి."

ఆయన చెంచా తీసుకుని చూపించడం మొదలుపెట్టాడు.

"ఐదు గీతలు, నాలుగు సందులు. స్వరం గీత మీదైనా కూర్చుంటుంది, సందులోనైనా కూర్చుంటుంది. పైకి పోయేకొద్దీ గొంతు పైకి."

"మొదట్లో ఈ మెలికేమిటి? అందానికా?"

"అందానికి కాదు. దాన్ని క్లెఫ్ అంటారు. కింది నుంచి రెండో గీతని చుట్టుకుని ఉంది చూడు. ఆ గీత పేరు జి అని చెప్తుంది. అదొక్కటి తెలిస్తే మిగతా పేర్లన్నీ అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవచ్చు."

"మరి మొదటిది గీతల కింద ఒంటరిగా ఉందేం? దానికి సొంతంగా చిన్న గీత కూడానూ!"

"అది సి. చోటు చాలక కిందికి దిగింది. దానికోసం గీత అరువిచ్చారు."

బొత్తాలక్కకి నవ్వొచ్చింది, హుషారూ వచ్చింది. "మరి కొన్ని నల్లగా, కొన్ని బోలుగా ఉన్నాయే?"

ఆయన చెంచాతో బల్ల మీద కొట్టి చూపించాడు. తల నిండా నలుపు, పక్కన కాడ ఉంటే ఒక దెబ్బ. తల బోలుగా ఉండి కాడ ఉంటే రెండు. కాడ కూడా లేని బోలు సున్నా అయితే నాలుగు దెబ్బలూ దానివే. నిలువు గీతకీ నిలువు గీతకీ మధ్య ఒక గది, గదికి నాలుగు దెబ్బలు. ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు.

"అచ్చం నా పనే!" అని అరిచినంత పని చేసింది. "చొక్కా ముందు భాగానికి ఎన్ని బొత్తాలైనా పెట్టు, గుడ్డ పొడుగు మాత్రం అంతే!"

"ఊ" అన్నాడాయన. ఈసారి ఆ ఊలో మెప్పు ఉంది.

"ఈ గదిలో ఏమీ లేదేం? నాలుగో గీతకి ఓ నల్ల ముక్క వేలాడుతోంది. ఆ పక్క గదిలోనూ అంతే."

"అది రెస్టు. ఆ గదంతా, నాలుగు దెబ్బలూ, ఎవరూ ఊదకూడదు. రెండు గదులున్నాయి కాబట్టి ఎనిమిది."

"ఊదనిదాన్ని కూడా రాసుకుంటారా?"

"రాయాలి. లేకపోతే ఊదేస్తారు." ఆయన గొంతు తగ్గించాడు. "అది అవగానే నేనొక్కణ్ణే ఊదాలి. ఒక గది మొత్తం. తర్వాత అందరూ కలుస్తారు, పాట అయిపోతుంది."

ఆవిడ ఆ రెండు నల్ల ముక్కల మీద వేలితో ఎనిమిది దెబ్బలు కొట్టి చూసుకుంది.

వారం రోజులు మెట్ల కింద గదిలో కాలి మిషను నాలుగు దెబ్బల లెక్కన నడిచింది. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని గొణుక్కుంటూ కుడుతుంటే, సైకిల్ షాపువాడు పంపు కొట్టడం కూడా అదే లెక్కకి వచ్చేసింది. ముప్ఫై అడుగుల గుడ్డ ఆ గదిలో పరవడానికి చోటెక్కడ? మిషను ముందు ఓ గజం, వెనక ఓ గజం, మిగతాదంతా చుట్ట. స్వరం పెట్టినప్పుడల్లా దాని పేరు పైకి అనేది. ఎఫ్, నిండుది, ఒకటి. జి, బోలుది, రెండు. చివరి రోజుకి కాయితం చూడకుండానే పేర్లు నోటికొస్తున్నాయి. యాభై మూడేళ్ల వయసులో చదువు ఇంత గబగబా ఎక్కుతుందని ఎవరనుకున్నారు!

కచేరీకి ముందురోజు సాయంత్రం నాలుగున్నరకు ఆఖరి దారం కొరికింది. సైకిల్ షాపువాడి సాయంతో గుడ్డని పెరట్లో బట్టలారేసే తీగకి పొడుగ్గా ఆరేసింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి మొత్తం పాట ఒక్కసారిగా కళ్ల ముందు నిలిచింది. ఎండ వీపు మీద పడుతోంది. నల్లటి స్వరాలు తెల్లగుడ్డ మీద మెరిసిపోతున్నాయి. గుండె ఉప్పొంగింది. ఎడమ చివర నిలబడి, గొంతు సవరించుకుని, చదవడానికి నోరు తెరిచింది.

మొదటిది సి కావాలి, గీతల కింద, సొంత గీతతో. అక్కడ అది లేదు. పైనుంచి రెండో సందులో కాడ లేని బోలు సున్నా ఉంది. అది ఆఖరి స్వరం కదా!

కుడి చివరకు పరిగెత్తింది. అక్కడ ఉంది క్లెఫ్, అటు తిరిగి, తిక్కగా. దాని పక్కన ఉంది సి. పాట మొత్తం కుడి నుంచి ఎడమకి కుట్టింది!

ఎలా జరిగిందో మరుక్షణంలో తెలిసిపోయింది. దర్జీలు సుద్దగీతలు ఎప్పుడూ గుడ్డ లోపలి వైపు గీస్తారు, పైకి మరక కనబడకూడదని. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. చెయ్యి ఆవిణ్ణి అడక్కుండానే గుడ్డని తిరగేసి లోపలి వైపు గీతలు గీసింది. పలచటి గుడ్డలోంచి ఆ గీతలు పై వైపుకి కనబడుతుంటే, వాటి మీదే ముక్కలు పెట్టి కుట్టింది. అంకెలు కుట్టి ఉంటే అవి తిరగబడటం చూసి మొదటిరోజే పట్టుకునేది. గుడ్డ మొత్తం ఒక్కసారిగా కళ్లబడితే కదా, ఈ స్వరాలకి ఎడమేదో కుడేదో తెలిసేది!

గుండె గుభేలుమంది. అయినా చిత్రం చూడండి, ఆ గుభేలు కింద ఏదో కేరింత కూడా ఉంది. తప్పు పట్టుకున్నది ఎవరు? మాస్టారు కాదు, మొగుడు కాదు. తనే చదివి పట్టుకుంది! ఏడవాలో గంతులెయ్యాలో తేల్చుకోలేక ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

అప్పుడే సైలెన్సర్ డిపో నుంచి వచ్చాడు. గుడ్డ చూశాడు. మొహం వాడిపోయింది.

"విప్పి కుట్టడానికి ఎన్నాళ్లు?"

"మూడ్రోజులు" అంది. అబద్ధం ఆడలేకపోయింది.

ఆయన లోపలికెళ్లి బాకా సంచీ తెచ్చి, బాకాని అందులో పెట్టి, తాడు బిగించడం మొదలుపెట్టాడు.

బొత్తాలక్కకి ఒళ్లు మండింది. తన చెయ్యి మీద మండింది, గుడ్డ మీద మండింది, పలచటి గుడ్డ కొన్న మాస్టారి మీద అందరికన్నా ఎక్కువ మండింది. గుడ్డని లాగి పారేద్దామని తీగకి అటువైపు, గుడ్డ వెనక్కి వెళ్లింది. పట్టుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది.

ఎదురుగా ఎండ. ఎండకి అడ్డంగా గుడ్డ. ఆ పలచటి గుడ్డలోంచి, నల్లటి నీడలుగా, ఐదు గీతలూ మెలికా స్వరాలూ. ఎడమ చివర క్లెఫ్. దాని పక్కన, సొంత గీతతో, సి!

"ఏమండీ! ఇటు రండి! బాకా అక్కడ పడేసి రండి!"

ఆయన వచ్చాడు. చూశాడు. పెదవులు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. సి, ఇ, డి, జి...

"రేపు కచేరీ ఎన్నింటికి?" అంది ఆవిడ.

"నాలుగున్నరకి."

"ఇప్పుడు నాలుగున్నర దాటి ఎంతో కాలేదు. మైదానంలో వేదికకి ఎదురుగా కదూ సూర్యుడు దిగేది? కిందటేడు ఎండ కళ్లలో కొట్టిందని అందరూ గోల పెట్టలేదూ? తిరగేసి కడదాం! మందపాటి గుడ్డయితే ఈపాటికి చచ్చేవాళ్లం. మాస్టారు చల్లగా ఉండాలి!"

చెప్పులైనా వేసుకోకుండా మాస్టారి ఇంటికి పరుగో పరుగు. మాస్టారు వచ్చి చూసి, గుడ్డకి అటోసారి ఇటోసారి తిరిగి, "మబ్బు పడితే?" అన్నాడు. "పడదు" అంది ఆవిడ, మబ్బులు తన దగ్గరే కొలతలిచ్చి వెళ్లినట్టు. తిరిగొచ్చి బిస్కెట్ల డబ్బా కింద దిమ్మరించింది. గుడ్డ అడుగంచు మడిచి, ఆ మడతలో ఇరవై ఎనిమిదేళ్ల ఇత్తడి బొత్తాలన్నీ పోసి కుట్టేసింది. ఇక గాలి రానీ!

మర్నాడు మైదానం నిండిపోయింది. డిపోవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, నవ్వడానికి తయారై. జనం వెనక రెండు ఇనప స్తంభాలకు గుడ్డ కట్టారు. ఓ స్తంభం దగ్గర బొత్తాలక్క గజం బద్ద పట్టుకుని నిలబడింది, గుడ్డ మడతపడితే సర్దడానికి. నాలుగుంబావుకి ఓ మబ్బు సూర్యుడి మీదికి వచ్చింది. గుడ్డ ఒట్టి తెల్లగుడ్డ అయిపోయింది. వేదిక మీద పెద్ద బాకా మాటున ఉన్న మనిషి కేసి చూసింది. ఆయన కళ్లు గుడ్డ మీదే ఉన్నాయి. ఆవిడ ఆ మబ్బుని నోటికొచ్చినట్టల్లా తిట్టింది. అది తిట్లకే కదిలిందో ఏమో, మెల్లగా తప్పుకుంది. పాట మళ్లీ నల్లగా బయటపడింది!

మాస్టారు చెయ్యి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. "సైలెన్సరూ, పిట్ట జాగ్రత్త!" అని ముందు వరసలోంచి ఎవడో అరిచాడు. గుడ్డ ఒక్కసారి ఉబ్బింది. అడుగంచులో బొత్తాలు గలగలమన్నాయి. అంతే, గుడ్డ మళ్లీ నిటారుగా నిలబడింది.

పాట మొదలైంది. బొత్తాలక్క మెడ వెనక్కి తిప్పి గుడ్డ కేసి చూస్తోంది, చెవులు వేదిక వైపు పెట్టింది. జి వస్తుంది అనుకునేసరికి జి వచ్చింది. ఇప్పుడు బోలుది, రెండు దెబ్బలు. వచ్చింది! వినబోయేది ముందే తెలియడం ఎంత గొప్పగా ఉంటుందో, ఇన్నేళ్లూ జేబుల్లో మడిచి పెట్టేసిన కాయితాలన్నిటిలో ఇదే ఉందా అని ఒళ్లు పులకరించింది. ఒక గది, రెండు గదులు, ఎనిమిది గదులు. అందరూ ఒక్కసారి ఆగారు.

రెస్టు.

జనం పాట అయిపోయిందనుకున్నారు. చప్పట్లు మొదలుపెట్టారు. డిపోవాళ్లు ఈలలు వేశారు. నర్సు తడబడి చిన్న బాకా దించేసింది. కండక్టరు వంగి దండం కూడా పెట్టేశాడు. మాస్టారి చెయ్యి గాల్లో లెక్క వేస్తోంది గానీ, అదెవరు చూస్తున్నారు? పెద్ద బాకా వెనక ఆ మనిషి కళ్లు బెదిరిపోయాయి. చప్పట్లలో లెక్క తప్పిపోయింది. మూడా? నాలుగా?

"ఇంకా ఉంది!"

ఆ కేకకి మైదానం అంతా వెనక్కి తిరిగింది. బొత్తాలక్క గజం బద్ద ఎత్తి ఇనప స్తంభాన్ని ఠంగుమని కొట్టింది.

"ఐదు!" ఠంగు. "ఆరు!" ఠంగు. చప్పట్లు ఆగిపోయాయి. "ఏడు!" ఠంగు. ఆయన గుడ్డని చూడటం మానేసి ఆవిణ్ణే చూస్తున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. "ఎనిమిది!"

పెద్ద బాకా మోగింది. ఒక్కటే, లావుగా, నిండుగా, ఒక గది పొడుగునా. నేల అదిరినట్టయింది. దాని వెనక అందరూ కలిశారు, చిట్టచివర కాడ లేని బోలు సున్నా నాలుగు దెబ్బలూ నిలబడింది. తర్వాత మైదానం మోగింది. ఈసారి చప్పట్లు కొట్టేముందు డిపోవాళ్లంతా బొత్తాలక్క కేసి చూశారు, అయిపోయిందా అన్నట్టు. ఆవిడ బద్ద దించి తలూపింది. అప్పుడు కొట్టారు.

జనం పలచబడ్డాక ఆయన బాకాతో ఆవిడ దగ్గరకొచ్చాడు. ఆవిడ గుడ్డ చుడుతోంది. అడగాలంటే భయం, అడక్కుండా ఉండలేకపోయింది.

"మాస్టారు ఇటే వస్తున్నారు. బాకా తిరిగి ఇచ్చేస్తారా?"

"ఇస్తే రేపు ఎలా ఊదను?" అన్నాడు. అని ఊరుకోలేదు. "లెక్క తప్పింది తెలుసా, నాలుగు దగ్గరే తప్పింది, నువ్వు ఐదు అనకపోతే నేను అప్పుడే ఊదేసేవాణ్ణి, మాస్టారి చెయ్యి నాకు కనపడలేదు, పోస్టుమాను డోలు అడ్డం, అసలు వచ్చే ఏడు డోలు ఇటు జరపాలి, ఇంకో సంగతి, ఆ కండక్టరు దండం పెట్టాడు చూశావా..."

మైదానం దాటారు. బస్సు డిపో దాటారు. సైకిల్ షాపు దాటారు. చంకలో ముప్ఫై అడుగుల గుడ్డ చుట్టతో, బొత్తాలు గలగలమంటుంటే, బొత్తాలక్క ఆయన పక్కనే నడుస్తోంది. చెప్పాల్సింది ఆవిడకీ చాలా ఉంది. అయినా ఇంటి గుమ్మం దాకా ఆయన మాట ఆపనే లేదు, ఆవిడ "ఊ" అంటూనే ఉంది.